నాలుగు కాగితాలు, నాలుగు కారణాలు: బ్రేక్ లైనర్ల దుమ్ముతో పోయిన ఒక మెకానిక్ కేసు

ఈ కేసు గురించి రాస్తానంటే కుటుంబం ఒప్పుకుంది. పేర్లు, షాపు ఉన్న వీధి, ఆసుపత్రులు, కంపెనీ ఏవీ చెప్పను. చిన్న చిన్న వివరాలు కొన్ని మార్చాను. నెలలు, సంవత్సరాలు మాత్రం మార్చలేదు, లిమిటేషన్ (కేసు వేయడానికి చట్టం ఇచ్చే గడువు) లెక్క మొత్తం వాటి మీదే నడిచింది కాబట్టి. నేను విశాఖపట్నంలో లాయర్ని. ఎక్కువగా కార్మికుల కేసులు, వినియోగదారుల కేసులు చూస్తాను. ఈ కేసులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. జూనియర్లకి చెప్పాల్సింది ముఖ్యంగా అదే.

మనిషి సంగతి

ఆయన్ని మెకానిక్ గారు అందాం. 1983లో, పందొమ్మిదో ఏట, ఓడల రిపేరు పనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర హెల్పరుగా చేరారు. ఆవిరి పైపులకి వేడి పోకుండా చుట్టిన పాత పొర, అంటే లాగింగ్, పీకేసి కొత్తది చుట్టడం పని. మూడేళ్ళు చేశారు. తర్వాత లారీ గ్యారేజీల్లో పని నేర్చుకుని, 1994లో గాజువాక ఆటోనగర్‌లో సొంతంగా చిన్న షెడ్డు వేసుకున్నారు. పని ఒక్కటే, బ్రేక్ లైనింగ్.

ఆ పని చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. లారీ చక్రం విప్పి డ్రమ్ము తీస్తే లోపల నల్లటి దుమ్ము పేరుకుని ఉంటుంది. దాన్ని కంప్రెసర్ గాలితో ఊదేస్తారు. అరిగిన లైనర్ (బ్రేకు వేసినప్పుడు డ్రమ్ముకి ఒరుసుకునే పట్టీ) రివెట్లు కోసి, కొత్త లైనర్‌ని షూకి రివెట్లు కొట్టి బిగిస్తారు. అది డ్రమ్ముకి సరిగ్గా కూర్చునేదాకా గ్రైండింగ్ పడతారు. షెడ్డులో పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ దుమ్ము పొగలా కనిపిస్తుందని కొడుకు చెప్పాడు. ముక్కుకి కట్టుకున్నది జేబురుమాలు. సాయంత్రం అదే చొక్కాతో ఇంటికి. చొక్కాలు ఉతికేది భార్య. ఈ చివరి ముక్క అప్పుడు నా నోట్సులో రాసుకున్నానే గానీ దాని అర్థం నాకు రెండేళ్ళకి గానీ తట్టలేదు.

2020 అక్టోబర్‌లో ఆయాసం మొదలైంది. కోవిడ్ రోజులు, టెస్టు నెగిటివ్. 2021 జనవరిలో కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని తీశారు. మన దగ్గర నీరు చేరిందంటే ముందు గుర్తొచ్చేది టీబీ. ఆ అనుమానం అన్యాయమైనదేమీ కాదు, పదిమందిలో ఎక్కువమందికి అదే అవుతుంది. ఆరు నెలల మందులు మొదలుపెట్టారు. నీరు మళ్ళీ చేరింది, మళ్ళీ తీశారు. జులైలో ఇంకో ఆసుపత్రిలో గొట్టం వేసి లోపలి పొర నుంచి ముక్క తీసి పరీక్షకి పంపితే తేలింది: మీసోథీలియోమా. ఊపిరితిత్తి మీది పొరకి వచ్చే క్యాన్సర్. దీనికి అందరికీ తెలిసిన ప్రధాన కారణం ఆస్బెస్టాస్ నార. దుమ్ము పీల్చిన ఇరవై, ముప్పై, ఒక్కోసారి నలభై ఏళ్ళకి బయటపడుతుంది. 2022 మార్చిలో, 58వ ఏట, ఆయన ఇంట్లోనే పోయారు.

వాళ్ళు నా దగ్గరికి వచ్చినప్పుడు

ఆగస్టులో తల్లి, కూతురు వచ్చారు. అమ్మాయి బీఎడ్ చదువుతోంది. బట్టలషాపు క్యారీబ్యాగు నిండా కాగితాలు. నా ముందు పెట్టి ఒక మాట అంది. ఆ మాట అప్పుడే సరిగ్గా విని ఉంటే పది నెలలు కలిసొచ్చేవి.

"మేడం, నాన్న చేసిన పనే ఈ జబ్బు తెచ్చిందని డాక్టరు గారు అన్నారు. అంత ప్రమాదం అయితే మరి ఆ డబ్బా మీద ఎక్కడా రాయలేదేంటండీ?"

నాకు 'పని' అన్న మాట వినిపించింది. 'డబ్బా' వినిపించలేదు.

పనివల్ల వచ్చిన జబ్బు, ఆస్బెస్టాస్, ఓడల రిపేరు. ఈ మూడూ కలిసేసరికి నా బుర్ర తిన్నగా కార్మిక చట్టానికి పోయింది. అప్పట్లో అమల్లో ఉన్న ఎంప్లాయీస్ కంపెన్సేషన్ చట్టం, 1923 మూడో షెడ్యూలులో ఆస్బెస్టాస్ వల్ల వచ్చే మీసోథీలియోమా వృత్తిరోగంగా ఉండేది. కాంట్రాక్టరు దొరక్కపోతే అసలు యజమానిని పట్టుకోవడానికి అందులో 12వ సెక్షను ఉండేది. పైగా 1995 జనవరిలో సుప్రీంకోర్టు కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ కేసులో ఇచ్చిన తీర్పు ఉంది: ఆస్బెస్టాస్ పరిశ్రమలు కార్మికుల ఆరోగ్య రికార్డులు పనిలో చేరిన నాటి నుంచి కనీసం నలభై ఏళ్ళు, లేదా మానేసిన పదిహేనేళ్ళ వరకు, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా ఉంచాలని. 1983కి నలభై కలిపితే 2023. ఇంకా టైముంది, రికార్డు ఉండాలి కదా అని లెక్కేసుకున్నాను. లెక్క అందంగానే ఉంది.

2022 అక్టోబర్‌లో లేబర్ డిప్యూటీ కమిషనర్ దగ్గర అప్లికేషన్ వేశాం. అందులో ఐదో పేరాలో నేనే డిక్టేట్ చేసిన వాక్యం: "మృతుడు ఓడల మరమ్మతు పనిలో పీల్చిన ఆస్బెస్టాస్ ధూళి కారణంగానే ఈ వ్యాధికి గురయ్యాడు." ఆ 'గానే'ని గుర్తుంచుకోండి.

చెడిన దారి

అవతలివాళ్ళ, అంటే ఓడల పని చేయించిన అసలు యజమాని, కౌంటర్ (రాతపూర్వక జవాబు) రెండున్నర పేజీలు. ఆ కాంట్రాక్టరు ఎవరో తమకి తెలీదు, మూడేళ్ళ హెల్పరు పేరు ఏ రిజిస్టరులోనూ లేదు, తమది ఆస్బెస్టాస్ పరిశ్రమ కాదు కాబట్టి ఆ నలభై ఏళ్ళ మాట తమకి వర్తించదు. మేం గేటు పాసు కోసం, పీఎఫ్ కోసం వెతికాం. 1983లో కాంట్రాక్టు హెల్పరుకి పీఎఫ్ కట్టినవాళ్ళు ఎంతమంది ఉంటారు? అప్పట్లో కలిసి పనిచేసిన ఇద్దరు దొరికారు. ఒకరు మాట్లాడలేని స్థితిలో ఉన్నారు. రెండో ఆయన పింఛను ఎక్కడ పోతుందోనని సాక్ష్యానికి రానన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు.

ఏడెనిమిది వాయిదాలు అయ్యాక ఒకరోజు ఆఫీసు మెట్లు దిగుతూ అమ్మాయి మళ్ళీ అదే అడిగింది, ఈసారి కాస్త విసుగ్గా: "ఇరవై ఏడేళ్ళు లైనర్లు కొట్టారు మేడం నాన్న. మనం ఆ మూడేళ్ళ గురించే ఎందుకు కొట్లాడుతున్నాం?"

ఆ రాత్రి క్యారీబ్యాగులోని కాగితాలన్నీ మళ్ళీ టేబుల్ మీద పరిచాను. ఈసారి ఒక్క ప్రశ్నే పెట్టుకుని చదివాను. ఏ కాగితం జబ్బుకి, చావుకి ఏ కారణం చెబుతోంది? తేలింది ఇది.

మొదటి ఆసుపత్రి కేసుషీటు: టీబీ.

చనిపోయాక బీమా క్లెయిముకి వీధి చివర డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్: గుండెపోటు.

నేను వేసిన అప్లికేషన్: ఓడల పని.

రెండో ఆసుపత్రిలో, ముక్క తీసిన రోజు నోట్సులో ఎవరో పీజీ డాక్టరు చేతిరాతతో రాసిన ఒకే ఒక లైను: బ్రేక్ లైనర్ గ్రైండింగ్, 27 ఏళ్ళు, మాస్కు లేదు.

నాలుగు కాగితాలు, నాలుగు కారణాలు. మొదటి రెండూ తొందరలో పుట్టిన తప్పులు. మూడోది చదువుకున్న మనిషి చేసిన తప్పు. నాలుగోది రాసిన కుర్రాడో అమ్మాయో ఎవరో ఇప్పటికీ నాకు తెలీదు. మిగతా అన్ని పేజీల్లో వృత్తి దగ్గర 'మెకానిక్' అని మాత్రమే ఉంది. ఆ ఒక్క లైను లేకపోతే ఈ కేసు లేదు.

మరణ ధ్రువపత్రం సంగతి అడుగుతారు కదా. అందులో కారణం ఉండదు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం, 1969 లోని 17వ సెక్షను ప్రకారం ఎవరికైనా ఇచ్చే నకలులో మరణ కారణం చూపించకూడదు. క్లయింట్లు లామినేషన్ చేయించి తెచ్చే ఆ పత్రం చనిపోయారని నిరూపిస్తుంది, అంతవరకే. కారణానికి మనం డాక్టర్ల కాగితాల మీదే ఆధారపడాలి.

2023 జూన్‌లో లేబర్ కేసు మెమో వేసి వెనక్కి తీసుకున్నాం. ఫీజు తిరిగి ఇస్తానన్నాను. తల్లి తీసుకోలేదు. "నువ్వేటి కావాలని చేసేవా అమ్మా" అంది. కావాలని చేయలేదు గానీ వాళ్ళ పది నెలలు మాత్రం పోయాయి.

రెండో దారి, దాని వెనక లెక్కలు

ముందు టైము చూసుకున్నాను. ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం, 1855 కింద సివిల్ దావా వేయాలంటే లిమిటేషన్ చట్టం 82వ ఆర్టికల్ ప్రకారం చనిపోయిన రోజు నుంచి రెండేళ్ళు. అంటే 2024 మార్చి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 లోని 69వ సెక్షనులో కూడా రెండేళ్ళే, కానీ ఫిర్యాదుకి కారణం ఏర్పడిన రోజు నుంచి. చావుకి పరిహారం అయితే చావు రోజు నుంచి. వైద్యం ఖర్చుల సంగతికొస్తే జబ్బు తేలిన 2021 జులై నుంచి లెక్కపెట్టాలని అవతలివాళ్ళు తప్పకుండా అంటారు. అలా లెక్కిస్తే అప్పటికి నెల రోజులే మిగిలింది. ఇక్కడ కోవిడ్ కాపాడింది. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు లిమిటేషన్ లెక్కలోకి రాదని సుప్రీంకోర్టు 2022 జనవరి 10న చెప్పింది. కాబట్టి జులై లెక్క పట్టుకున్నా 2024 ఫిబ్రవరి దాకా ఊపిరి ఉంది. అయినా ఆలస్యాన్ని మన్నించమనే పిటిషన్ ఒకటి జతచేసే వేశాను. అవసరం లేదని జూనియర్ అన్నాడు. అవసరం లేని పిటిషన్ వేసి నష్టపోయిన కేసు నేనింతవరకు చూడలేదు, వేయక నష్టపోయినవి చూశాను.

సివిల్ కోర్టా, వినియోగదారుల కమిషనా? సివిల్ దావాకి అడిగిన సొమ్ముని బట్టి కోర్టు ఫీజు, సాక్షుల విచారణ, ఏళ్ళు. కమిషన్‌లో పరిధి కట్టేది అడిగే పరిహారాన్ని బట్టి కాదు, వస్తువుకి కట్టిన ధరని బట్టి. జిల్లా కమిషన్‌కి 50 లక్షల దాకా. ధర ఐదు లక్షల లోపు అయితే ఫీజే లేదు. ఫిర్యాదీ ఉండే ఊళ్ళోనే వేయొచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. చనిపోయిన వినియోగదారుడి వారసులు ఫిర్యాదు చేయొచ్చని చట్టమే చెబుతోంది. 'హాని' నిర్వచనంలో జబ్బు, మరణం రెండూ ఉన్నాయి. ప్రమాదం ఒక్కటే: ఇలాంటి చిక్కు ప్రశ్నలు మేం తేల్చలేం, సివిల్ కోర్టుకి పొమ్మని కమిషన్ అనొచ్చు. చిక్కుగా ఉందన్న ఒక్క కారణంతో పంపేయకూడదని జేజే మర్చంట్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అయినా కేసుని మనమే వీలైనంత ఇరుకు చేయడం మంచిదనిపించింది.

ఇరుకు చేయడమంటే ఇది. ఆస్బెస్టాస్ చెడ్డదని వాదించకూడదు. తెల్ల ఆస్బెస్టాస్ వాడకం మన దేశంలో చట్టవిరుద్ధం కాదు. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకాలేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెప్పినా, 'అమ్మడమే తప్పు' అంటే ప్రభుత్వ విధానంతో పోట్లాట అవుతుంది. ఆ పోట్లాట ఒక విధవరాలు జిల్లా కమిషన్‌లో చేయగలిగింది కాదు. 2019 వినియోగదారుల చట్టం 84వ సెక్షనులో తయారీదారు బాధ్యతకి ఐదు దార్లున్నాయి. నేను ఒక్కటే తీసుకున్నాను. హాని జరగకుండా వాడే పద్ధతి, హెచ్చరిక సరిగ్గా ఇవ్వకపోవడం. అమ్మాయి మొదటిరోజు అడిగిన ప్రశ్న అదే.

కంపెనీకి ఆ సంగతి తెలిసి ఉండాలని చూపించడానికి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ప్రమాణం పనికొచ్చింది. ఐఎస్ 11769 రెండో భాగం, ఆస్బెస్టాస్ ఉన్న ఘర్షణ పదార్థాలని, అంటే బ్రేకు, క్లచ్ లైనింగుల్ని, సురక్షితంగా వాడటం మీద మార్గదర్శకాలు. వచ్చింది 1986లో. మెకానిక్ గారు షెడ్డు వేసింది 1994లో. ఎనిమిదేళ్ళ ముందే దేశంలో అచ్చయి ఉన్న జాగ్రత్తలు డబ్బా మీదికి ఎక్కలేదు.

సాక్ష్యం పోగుచేయడం

ముందుగా ముక్క. ఆసుపత్రులు పరీక్ష చేసిన ముక్కని మైనపు దిమ్మలో దాచి ఉంచుతాయి. దాన్నే బ్లాకు అంటారు. రిపోర్టు పోయినా బ్లాకు ఉంటే మళ్ళీ పరీక్ష చేయించుకోవచ్చు. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం డాక్టర్లు రికార్డులు మూడేళ్ళు ఉంచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్ళు అంటే 2024 జులై. ఆ పూటే రాతపూర్వకంగా అడిగి, ముట్టినట్టు సంతకం, స్టాంపు తీసుకున్నాం. బ్లాకు వచ్చింది. ఇంకో పెథాలజిస్టు చూసి అదే చెప్పారు. క్యాన్సర్ ఏ రకమో చెప్పే గుర్తుల్లో కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ-1 పాజిటివ్, టీటీఎఫ్-1 నెగిటివ్. మామూలు ఊపిరితిత్తి క్యాన్సర్ కాదని తేల్చేది ఈ తేడానే. ఇది ఎందుకంత ముఖ్యమంటే మెకానిక్ గారు రోజుకి నాలుగైదు చుట్టలు కాల్చేవారు. పొగాకు ఊపిరితిత్తి క్యాన్సర్ తెస్తుంది, మీసోథీలియోమా తేదు. కౌంటర్‌లో వాళ్ళు చుట్టల మీద ఒక పేజీ రాశారు. మేం జవాబు మూడు వాక్యాల్లో ఇచ్చాం.

తర్వాత డబ్బాలు. షెడ్డు అటక మీద సీలు తీయని లైనర్ పెట్టెలు ఆరు దొరికాయి, అన్నీ ఒకే కంపెనీవి. కొడుకు వాటిని దులిపి కిందికి దించబోతుంటే ఫోనులోనే అరిచాను. పెద్దమనుషుల ఎదుట ఫొటోలు తీసి, తడిబట్టతో తుడిచి, రెండు పొరల ప్లాస్టిక్‌లో కట్టి సీలు వేయించాం. పెట్టె మీద భాష అంతా బేరం భాషే: ఎక్కువ మన్నిక, ఎక్కువ పట్టు. హెచ్చరిక బొమ్మ లేదు, తడిపి పని చేయమని లేదు, గాలి కొట్టొద్దని లేదు. పరీక్ష సొంతంగా చేయించకుండా 38వ సెక్షను కింద కమిషన్ ద్వారానే ల్యాబుకి పంపమని అడిగాను. మనం చేయించుకున్న పరీక్షని అవతలివాళ్ళు సులువుగా కొట్టిపారేస్తారు. కమిషన్ సీలుతో వెళ్ళిన రిపోర్టుని అలా అనలేరు. క్రిసోటైల్, అంటే తెల్ల ఆస్బెస్టాస్, ఉందని వచ్చింది.

ఆఖరిది అరువు పుస్తకం. డీలరు దగ్గర నెలవారీ ఖాతా. పక్కా బిల్లులు పది కూడా లేవు గానీ, డీలరు గుమస్తా రాసిన ఎర్ర అట్టల చిట్టాలు తొమ్మిది ఉన్నాయి. భార్య ట్రంకుపెట్టెలో దాచింది. "అప్పు తీరినా పుస్తకం పారేయకూడదు కదమ్మా, రేపు మళ్ళీ అడిగితే?" అంది. ఎవరు కొన్నారు, ఏ కంపెనీది, ఎన్నేళ్ళు కొన్నారు అన్నదానికి ఆ భయమే సాక్ష్యం ఇచ్చింది.

కొన్నది ఎవరన్నది ఊరికే అడిగే ప్రశ్న కాదు. 87వ సెక్షనులో ఒక మినహాయింపు ఉంది. పని చేయించే యజమాని వస్తువు కొని, తయారీదారు ఆ యజమానికి హెచ్చరిక ఇచ్చి ఉంటే, హెచ్చరిక లేదన్న వాదన తయారీదారు మీద పనిచేయదు. మెకానిక్ గారు ఎవరి దగ్గరో జీతానికి ఉండి ఉంటే కంపెనీ ఈ తలుపు చాటుకి వెళ్ళిపోయేది. ఆయనకి ఆయనే యజమాని.

బీమా సర్టిఫికెట్‌ని దాచాలా వద్దా అని ఆఫీసులో ఒక పూట తర్జనభర్జన జరిగింది. దాచలేదు. ఆ పాలసీ 2009 నాటిది, జబ్బు దాచి తీసుకున్నది కాదు. గుండెపోటు అని రాసిన డాక్టరు గారు తాను బయాప్సీ రిపోర్టు చూడలేదని, పిలిస్తే వెళ్ళేసరికే ప్రాణం లేదని అఫిడవిట్ ఇచ్చారు. గుండె అందరికీ చివర్లో ఆగుతుంది. ఎందుకు ఆగిందన్నదే కదా కేసు. లేబర్ అప్లికేషన్‌ని కూడా ఫిర్యాదు మూడో పేరాలోనే మేమే చెప్పేశాం, వెనక్కి తీసుకున్న మెమోతో సహా. 2024 జనవరిలో కేసు ఫైలైంది. ఒకటో ప్రతివాది తయారీదారు, రెండో ప్రతివాది డీలరు. డీలరు మీద కుటుంబానికి కక్షేం లేదు. తయారీదారు మేం కాదు, ఇది నకిలీ సరుకు అంటే 86వ సెక్షను కింద అమ్మినవాడైనా నిలబడాలి కాబట్టి పెట్టాను.

నా వాక్యం నాకే ఎదురొచ్చిన రోజు

కంపెనీ కౌంటర్‌లో మూడు పట్లు ఉన్నాయి.

ఒకటి, 2019 చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చింది, ఆ ముందు అమ్మిన సరుకుకి వర్తించదు. దీన్ని ముందే ఊహించి, దానికి ముందున్న 1986 వినియోగదారుల చట్టం కింద కూడా ప్రత్యామ్నాయంగా అడిగి ఉన్నాం. పైగా హాని తేలింది, చావు జరిగింది 2020 తర్వాతే.

రెండు, ఆయన వినియోగదారుడే కాదు. లైనర్లు కొని లారీలకి బిగించి డబ్బు తీసుకున్నాడంటే తిరిగి అమ్మినట్టే. మా కేసులో బలహీనమైన చోటు ఇదే, ఇప్పటికీ అంటాను. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం కొన్నది వ్యాపార ప్రయోజనం కిందికి రాదని చట్టంలో వివరణ ఉంది గానీ, 'తిరిగి అమ్మకం' అన్న మాటకి ఆ వివరణ అడ్డురాదు. మా జవాబు రెండు అంచెలు. ఆయన అమ్మింది లైనర్లు కాదు, పని. చాలామంది లారీవాళ్ళు లైనర్లు తామే కొని తెచ్చి ఇచ్చేవారు. కొన్నవారి అనుమతితో వస్తువు వాడే మనిషి కూడా వినియోగదారుడే. ముగ్గురు లారీ ఓనర్ల అఫిడవిట్లు వేశాం. కమిషన్ దీన్ని ఎలా తేల్చేదో నాకు తెలీదు.

మూడోది చదువుతుంటే చెవులు వేడెక్కాయి. మా లేబర్ అప్లికేషన్ నకలు జతచేసి, ఐదో పేరా కింద గీత గీశారు. "ఫిర్యాదీలే ప్రమాణం చేసి చెప్పారు, ఓడల పని కారణంగానే అని." మేం ముందే బయటపెట్టాం కాబట్టి దాచారన్న నింద రాలేదు. కానీ 'గానే' అక్కడే ఉంది. రెండక్షరాలు. 'ఆ ధూళి కూడా ఒక కారణం' అని రాసి ఉంటే ఆ కాగితం మనకే సాక్షి అయ్యేది.

ఛాతీ వైద్యులు ఒకరు లిఖితపూర్వక ప్రశ్నలకి జవాబులిచ్చారు. మూడేళ్ళ లాగింగ్ దుమ్ము, ఇరవై ఏడేళ్ళ లైనర్ దుమ్ము రెండూ ఒకే జబ్బుకి దోహదం చేస్తాయి, ఏ నార ఏ రోజుదో ఏ పరీక్షా విడదీయలేదని రాశారు. స్కానులో పొర మీద కనిపించిన గట్టి మచ్చలు ఆస్బెస్టాస్ పీల్చిన గుర్తులని చెప్పారు, ఎక్కడ పీల్చిందో అవి చెప్పవన్నారు. నిజాయితీగా ఇచ్చిన జవాబు. మాకు సగం, వాళ్ళకి సగం.

రాజీ

2024 చివర్లో కమిషన్ ఇరువైపులా అడిగి మధ్యవర్తిత్వానికి పంపింది. వాళ్ళకి తీర్పు వస్తుందన్న భయం, మాకు రెండో పట్టు భయం. పరిహారం లెక్క రోడ్డు ప్రమాదాల కేసుల పద్ధతిలోనే కట్టాను, మరో కొలబద్ద ఏదీ చేతిలో లేదు. నెలకి 25 వేలు, ఏడాదికి 3 లక్షలు. ప్రణయ్ సేథీ తీర్పు ప్రకారం ఆ వయసు సొంత పనివాళ్ళకి భవిష్యత్ పెరుగుదల పది శాతం కలిపితే 3 లక్షల 30 వేలు. సొంత ఖర్చు మూడో వంతు తీసేస్తే 2 లక్షల 20 వేలు. 56 నుంచి 60 ఏళ్ళ మధ్యవారికి సరళా వర్మ తీర్పు గుణకం 9. మొత్తం 19 లక్షల 80 వేలు, వైద్యం ఖర్చులు వేరే. ఆదాయపు పన్ను రిటర్నులు లేవు కాబట్టి ఆ 25 వేలు దగ్గరే వాళ్ళు బేరం మొదలుపెట్టారు. ఓడల పని వాటా అంటూ ఇంకొంత కోశారు. మూడో సిట్టింగులో 13 లక్షల 50 వేల దగ్గర ఆగింది. బాధ్యత ఒప్పుకోరు, కంపెనీ పేరు మేం బయటపెట్టం. నా 'గానే' ఖరీదు అందులో రెండు మూడు లక్షలు ఉంటుందని నా అంచనా. ఆ మాట కుటుంబానికి చెప్పాను కూడా.

ఇప్పుడు మా ఆఫీసులో జబ్బు కేసు ఏది వచ్చినా ముందు తెల్లకాగితం మీద ఉద్యోగాల వరస రాయిస్తాం. బడి మానేసిన రోజు నుంచి మొదలుపెట్టి, ఎక్కడ, ఏ వస్తువుతో, ఎన్నేళ్ళు అన్నది. అది పూర్తయ్యేదాకా కారణం గురించి ఏ కాగితం మీదా సంతకం పెట్టించం. లీగల్ నోటీసు మీద కూడా. రోగి బతికుండగానే మనిషి వస్తే, డాక్టరు గారిని బతిమాలైనా వృత్తి వివరం కేసుషీటులో రాయించుకోమని పంపిస్తాం.

అంతా అయిపోయిందనుకున్న రోజు రాజీ పత్రం ముసాయిదా వచ్చింది. ఏడో క్లాజు: "మృతుని కుటుంబ సభ్యులందరి ప్రస్తుత, భవిష్యత్ క్లెయిములన్నీ ఈ సొమ్ముతో పరిష్కారమైనట్లే." మామూలుగా అన్ని రాజీ పత్రాల్లో ఉండే వాక్యమే. నేను వంద వాటి మీద సంతకాలు పెట్టించి ఉంటాను. కానీ ఆ సాయంత్రం ముసాయిదా చదివి వినిపిస్తుంటే తల్లి దేనికో నవ్వింది, తన మాటల్లో తాను పడి.

"ఇరవై ఏడేళ్ళు ఉతికేనమ్మా ఆ చొక్కాలు. ముందు గోడకేసి దులిపేదాన్ని. బూడిదలాగ రాలేది."

రెండేళ్ళ కిందటి నా నోట్సు గుర్తొచ్చింది. ఆస్బెస్టాస్ పనివాళ్ళ బట్టలు ఉతికిన భార్యలకి ఈ జబ్బు రావడం వైద్యశాస్త్రంలో ఎప్పటినుంచో ఉన్న మాటే. పదకొండేళ్ళుగా తండ్రి పక్కన నిలబడి పనిచేసిన కొడుకు కూడా ఉన్నాడు. వాళ్ళని భయపెట్టకుండా చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

భవిష్యత్ అన్న మాట తీసేయమన్నాను. మృతుని జబ్బు, మరణం వరకే రాజీ అని ఉండాలి. కంపెనీ లాయరు ఆశ్చర్యపోయారు.

"ఆవిడకి ఏమైనా ఉందా మేడం?"

"ఏమీ లేదండి. అందుకే."

దాని కోసం ఇంకో రెండు సిట్టింగులు పట్టాయి. డబ్బు తగ్గిస్తామన్నారు, తగ్గించుకోమన్నాం. చివరికి తగ్గించలేదు, క్లాజు మార్చారు. సొమ్ములో కొంత తల్లి పేర, కొంత అమ్మాయి పేర డిపాజిట్ అయింది. కొడుకు ఇప్పుడు ఆస్బెస్టాస్ లేని లైనర్లే తెస్తున్నాడు, పాత డ్రమ్ములు తడిబట్టతో తుడుస్తున్నాడు. కంప్రెసర్ టైర్లకి గాలి కొట్టడానికి మాత్రమే. పక్క షెడ్డువాళ్ళు నవ్వుతున్నారట.

తల్లిని ఏడాదికోసారి ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయిస్తున్నారు. మొదటిది శుభ్రంగా ఉంది. ఆ ఫిల్ము కవరు మీద అమ్మాయి తన చేత్తో రాసింది: బ్రేక్ లైనర్ దుమ్ము, చొక్కాలు ఉతకడం, 27 ఏళ్ళు.